సాసు పిండితో చీరకు గంజి

నా గొంతు ఇలా గరగరలాడుతోందేమిటని కొత్తగా చూసినవాళ్ళంతా అడుగుతారు. జలుబు కాదు. కోల్‌కతాలో, వాట్‌గంజ్ సందులో ఒక సాసు కార్ఖానాలో ఏళ్ళ తరబడి వెనిగర్ ఆవిరి పీల్చిన గొంతు ఇది. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు నంబరు చదవడం వచ్చు, అంతకుమించి రాదు. అందుకని నేను చెబుతుంటే మా చర్చి పిల్ల రాస్తోంది. మధ్యమధ్యలో నవ్వుతూ కలం పక్కన పెట్టేస్తోంది. రాయవే, నవ్వడానికి తర్వాత బోలెడంత టైముంది.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఒకటే మాట అంటున్నారు. ఆఫీసులో పరువు పోయింది, రేపు మొహం ఎలా చూపించాలి, అని. పరువు పోవడమంటే ఏమిటో నన్నడగండి. నా పరువు ఖిదిర్‌పూర్‌లో, మోకాటి లోతు నీళ్ళలో, ట్రాములో వాళ్ళంతా కిటికీల్లోంచి చూస్తుండగా జారిపోయింది. మర్నాడు అదే మొహంతో పనికెళ్ళాను. అసలు పని మిగిలిందే గొప్ప.

మా ఆయన ఓడరేవు డాకులో క్రేన్ల దగ్గర పనిచేసేవాడు. ఆయన పోయాక, ఏక్‌బాల్‌పూర్‌లో మా పక్క గదిలో ఉండే అక్క నా చెయ్యి పట్టుకుని ఈ కార్ఖానాకు తీసుకెళ్ళింది. అక్కది మాలాగే శ్రీకాకుళం వైపు, చర్చి కూడా మాదే. అప్పుడు ఎర్రజెండా వాళ్ళ రాజ్యం. సందుసందుకీ ఒక జెండా, జెండా కింద చందా అడిగే ఒక దాదా. పెద్ద పెద్ద మిల్లులు మూతపడుతున్నా మా కార్ఖానా మాత్రం నడిచేది. మూసినా ఎవరికీ తెలియనంత చిన్నది మరి. రేకుల షెడ్డు, రెండు బాణలులు, వాటి దగ్గర ఒక మేస్త్రీ, సీసాలు కడిగి నింపడానికి ఆడవాళ్ళం ముగ్గురం. నేను, అక్క, బాలీగంజ్ వైపు నుంచి వచ్చే ఒక బెంగాలీ దీదీ. మేస్త్రీ మాత్రం మనవాడే, విజయనగరం మనిషి. బాబాయ్ అని పిలిచేవాళ్ళం. మాలిక్‌ని, అంటే యజమానిని, దాదా అనేవాళ్ళం, అన్నా అని. ఆయన నన్ను బౌదీ అనేవాడు, అంటే వదినా అని. వదినా అని పిలిచి మరీ తిట్టేవాడు.

టమాటా సాసు అన్నారు కదా అని అందులో అంతా టమాటాలే అనుకునేరు. టమాటాలు చుట్టపుచూపుగా వచ్చేవి. కాపురం ఉండేది గుమ్మడికాయ. దానికి పంచదార, వెనిగర్, ఎర్రరంగు. వీటన్నిటినీ విడిపోకుండా పట్టి ఉంచేది మొక్కజొన్న పిండి. మరుగుతున్న బాణలిలో ఆ పిండి పడితేనే సాసు సాసవుతుంది, లేకపోతే ఎర్ర చారు. కానీ మామూలు పిండికి వెనిగరంటే పడదు. బాణలిలో ఉన్నంతసేపూ బుద్ధిగా ఉండి, సీసాలోకి వెళ్ళిన నాలుగు రోజులకే పట్టు సడలిపోయేది. పైన నీళ్ళు తేలేవి.

మా సరుకు ఎక్కువగా కొనేది ఒక పెద్ద రోల్ దుకాణం దాదా. పరాఠాలో గుడ్డు చుట్టి, ఉల్లిపాయ వేసి, సాసు పోసి, కాగితంలో చుట్టి ఇచ్చే రోల్స్ మీ అందరికీ తెలిసినవే. ఆయన మనిషి బలంగా ఉండేవాడు, గొంతు అంతకన్నా బలంగా ఉండేది. మా మాలిక్‌ని మొషాయ్ అనేవాడు, అంటే అయ్యా అని. ఒకరోజు సీసా పట్టుకుని షెడ్డులోకి దిగాడు.

"మొషాయ్, ఇది సాసా, ఏడుపా? సీసా వంపితే ముందు నీళ్ళు పడుతున్నాయి. ఆ నీళ్ళు కాగితంలోంచి కారి తినేవాడి మోచేతి దాకా పోతున్నాయి. నిన్న ఒక బాబు ఆఫీసు చొక్కా పాడై నా కాలరు పట్టుకున్నాడు."

"కొంచెం కుదిపి వంపండి దాదా" అన్నాడు మా మాలిక్.

"నేను రోల్స్ అమ్ముకోవాలా, డోలు వాయించుకోవాలా?"

దుర్గాపూజ దగ్గర పడుతోంది. పూజ రోజుల్లో కోల్‌కతా అంతా వీధిలో నిలబడి రోల్స్ తింటుంది. అప్పటికి నీళ్ళు తేలని సాసు ఇవ్వకపోతే వేరేచోట కొంటానని చెప్పేశాడాయన. ఆయన వెళ్ళాక మాలిక్ బాణలుల చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆ తర్వాత, "ఈయన పోతే ఒక బాణలి దించేయాలి. ఒక్క బాణలికి సీసాలు నింపడానికి ముగ్గురెందుకు?" అన్నాడు. అంటూ అక్క వైపు చూశాడు, దీదీ వైపు చూశాడు, నా వైపు మాత్రం చూడలేదు. అందరికన్నా చివర చేరింది నేనే. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు మిషన్ బడిలో చదువుతున్నారు. ఆ పూట సీసాలు కడుగుతుంటే ఏది కడిగానో ఏది కడగలేదో నాకే తెలియలేదు.

అప్పుడొచ్చాడు టై కట్టుకున్న స్టార్చ్ కంపెనీ మనిషి. ఒక పెద్ద బస్తా దింపించాడు. "ఇదీ మొక్కజొన్న పిండే. కాకపోతే ఫ్యాక్టరీలో గుణం మార్చి తయారుచేస్తారు. మోడిఫైడ్ స్టార్చ్ అంటారు. వెనిగర్లో వెయ్యండి, ఎంతసేపైనా మరగబెట్టండి, నెలలపాటు సీసాలో ఉంచండి, పట్టు వదలదు" అన్నాడు.

మేస్త్రీ బాబాయ్ చిటికెడు పిండి నాలిక మీద వేసుకుని మొహం అదోలా పెట్టాడు. "పిండి గుణం మార్సడమేటి? ఇదేటి, మతం గానీ పుచ్చుకుందేటి?"

"పుచ్చుకుంటే బాగుపడతాదిలే బాబాయ్, మాలాగ" అంది అక్క.

ఆ టై మనిషి వెళ్తూ వెళ్తూ ఒక చిన్న సంచీ ఊరికే ఇచ్చాడు. అది ఇంకో రకమట. ముందే ఉడకబెట్టి, ఆరబెట్టి, పొడి చేసిన పిండి. నిప్పు అక్కర్లేదు, చల్లనీళ్ళలో వేసినా ఉబ్బి చిక్కబడుతుందట. పుడ్డింగులు చేసేవాళ్ళు వాడతారట. మా షెడ్డులో పుడ్డింగు ఎవడు చేస్తాడు? మాలిక్ దాన్ని మూల పడేశాడు. ఆ సంచీని మాత్రం గుర్తుపెట్టుకోండి.

కొత్త పిండితో బాబాయ్ ఒక బాణలి వండాడు. పాత పిండి ఎంత వేసేవాడో ఇదీ అంతే వేశాడు. నమ్మకం చాలక పైన ఇంకో పిడికెడు వేశాడు. రోల్ దాదాని పిలిపించారు. ఆయన వరసలోంచి తనకు నచ్చిన ఒక సీసా తీసి, మూత మీద కాగితం అంటించి, దాని మీద తనే సంతకం పెట్టి, అలమారులో పై అరమీద పెట్టాడు.

"విశ్వకర్మ పూజకి భోజనానికొస్తా. ఈ సీసా నేనే తెరుస్తా. నీళ్ళు కనిపిస్తే ఖిచుడీ తినేసి వెళ్ళిపోతా. మళ్ళీ ఈ సందులోకి రాను."

ఇక చూసుకోండి, నా పని దానికి కాపలా. ముట్టుకోకూడదు, చూడొచ్చు. పొద్దున రాగానే చూసేదాన్ని, వెళ్ళేముందు చూసేదాన్ని. నా పిల్లల ముఖాలు కూడా అంత పరీక్షగా ఎప్పుడూ చూడలేదు. సీసా మెడ దాకా ఎర్రగానే ఉంది. కానీ మెడ పైన రేకు మూత. మూత కింద ఏముందో దేవుడికే తెలియాలి.

దుర్గాపూజకి ముందొచ్చే విశ్వకర్మ పూజ నాడు బెంగాల్లో ఏ యంత్రమూ తిరగదు. మా బాణలులకి కూడా బొట్టు పెట్టి, పూలదండ వేసి కూర్చోబెట్టేవాళ్ళు. ఆ రోజు ఆడవాళ్ళమంతా ఉతికి గంజి పెట్టిన నూలు చీరలు కట్టుకుని రావాలి. గంజి లేని చీర కట్టుకొస్తే దీదీ మనల్ని జ్వరం పడి లేచినవాళ్ళలా చూసేది. ఆ గంజికి పిండి మాలిక్కే ఇచ్చేవాడు. అది మా కార్ఖానాలో ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. ఆయనకి ఇంకో మంచి అలవాటు కూడా ఉండేది. అక్కా నేనూ ప్రసాదం తినమని తెలిసి, దేవుడికి చూపించకముందే మా ఇద్దరికీ ఖిచుడీ వేరే గిన్నెలో తీసి పెట్టించేవాడు. తిడితే తిట్టాడు గానీ ఆ గిన్నె మర్చిపోయిన ఏడాది లేదు.

ఆ ఏడు పిండి అడిగితే మాలిక్ మూలకి వెళ్ళి ఆ చిన్న సంచీ తెచ్చాడు. "ఇది పంచుకోండి. నిప్పు కూడా అక్కర్లేదు బౌదీ, కిరసనాయిలు కలిసొస్తుంది."

ఏక్‌బాల్‌పూర్‌లో మా వాకిట్లో కుళాయి దగ్గర, అక్కా నేనూ బకెట్ పెట్టుకుని కూర్చున్నాం. పిండి నీళ్ళలో పోశామో లేదో ఉండలు కట్టేసింది. తెల్లటి ఉండలు, మధ్యలో నల్లగా నీడ.

అక్క బకెట్లోకి తొంగి చూసి వెనక్కి జరిగింది. "ఒలమ్మ! ఇదేటే? సేప కళ్ళన్నీ నన్నే సూత్తన్నాయి."

"పిసుకక్కా, కరుగుతాయి."

"కరిగితే మట్టుకు? పొయ్యెక్కని గంజి గంజేటే? సల్లగంజి బట్టకి పట్టదు. ఇంకో రెండు దోసిళ్ళెయ్."

వేశాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి గంజంటే ఉడకాల్సిందే కదా. ఉడకనిది పల్చన అని మా ఇద్దరి లెక్క. ఇది ఉడికే వచ్చిందన్న సంగతి చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. రెండు దోసిళ్ళు నాలుగయ్యాయి. చీరలు ముంచి, మెలిపెట్టి పిండి, ఎండలో వేశాం.

సాయంత్రానికి నా చీర తాడు మీంచి తీస్తే తలుపు ఊడి వచ్చినట్టు వచ్చింది. గోడకి ఆనిస్తే నిలబడింది. మా చిన్నమ్మాయి దాని వెనక దాక్కుని ఆడుకుంది. అక్క చాలా సంతోషించింది. "సూసినావా? నాను సెప్పినానా నేదా? ఇలగుండాలి గంజంటే."

పూజనాడు పొద్దున్నే ఇద్దరం బయల్దేరాం. నడుస్తుంటే చీరలు రేకుల్లా టపటప చప్పుడు చేస్తున్నాయి. కూర్చోవాలంటే ముందు కుచ్చిళ్ళని ఒప్పించాలి. ట్రాము లైను దగ్గర దీదీ కలిసింది. ఆవిడ చీర కూడా మాలాగే ఆవిడకి అడుగు దూరంలో నిలబడి ఉంది. ముగ్గురం ఒకళ్ళనొకళ్ళు చూసుకుని మురిసిపోయాం. మేడల మీద కుర్రాళ్ళు గాలిపటాలు ఎగరేస్తున్నారు. ఎవడిదో తెగిందంటే చాలు, "భోకాట్టా" అని ఊరంతా అరుపులు.

అప్పుడు పడింది వాన. గొడుగు తెరిచేలోపే తడిసిపోయాం. కోల్‌కతా సంగతి మీకు చెప్పాలా? వాన మొదలైన కాసేపటికే వీధి కాలవైంది. నీళ్ళు మోకాటికి వచ్చాయి. ముందు చీరల చప్పుడు ఆగింది. తర్వాత బరువెక్కాయి. తర్వాత ఉబ్బాయి. చెయ్యి వేస్తే జారిపోతోంది. మనిషి మొత్తం సొజ్జ గిన్నెలో ముంచి తీసినట్టుంది.

"ఒలే, నా కాళ్ళకేదో సుట్టుకుందే" అంది అక్క భయంగా.

"అది నీ చీరే అక్కా."

నడవలేక చేతిరిక్షా పిలిచాం. ఇద్దరు పట్టే సీటులో ముగ్గురం ఇరుక్కున్నాం. రిక్షా అతను బీహారీ ముసలాయన, నీళ్ళలో అడుగు వెతుక్కుంటూ లాగుతున్నాడు. ట్రాము పక్కకి రాగానే ఒక గుంతలో అతని కాలు పడింది. చేతిలో కర్రలు కిందికి వంగాయి. సీటు ముందుకు వాలింది. అంతే. ముందు దీదీ, ఆవిడ వెనక అక్క, ఆవిడ వెనక నేను, చేతిలోంచి సబ్బుబిళ్ళ జారినట్టు వరసగా జారి నీళ్ళలో కూర్చున్నాం. ట్రాములోంచి ఎవరో "భోకాట్టా!" అని అరిచారు. ట్రామంతా నవ్వింది.

ముసలాయన మమ్మల్ని లేపబోయాడు. అతని చెయ్యి జారింది. చెయ్యి వాసన చూసుకున్నాడు. "మాయీ, ఒంటికి ఏం రాసుకొచ్చారు?" అన్నాడు. మళ్ళీ ఎక్కుతామంటే ఒప్పుకోలేదు. సీటు కడుక్కుంటూ నిలబడిపోయాడు.

నడుచుకుంటూ షెడ్డు చేరేసరికి వాన వెలిసింది. అప్పటికే రోల్ దాదా వచ్చి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. పండగ కదా, తెల్లటి కొత్త పంజాబీ, అంటే మన లాల్చీ, తొడుక్కున్నాడు. ఎదురుగా ఆకులో ఖిచుడీ. పక్కన అర మీంచి దింపిన సీసా. మాలిక్ మమ్మల్ని చూసి నోరు తెరిచాడు. మా ఒంటి మీంచి నీళ్ళు కారడం లేదు. తడిసిన మనిషి ఒంటి మీంచి నీళ్ళు కారాలి కదా? కారలేదు. తెల్లగా, జిగటగా, చీర అంచున వేలాడుతూ ఊగుతున్నాయి.

రోల్ దాదా ముద్ద మింగి, "ఏమైంది వీళ్ళకి?" అన్నాడు.

దీదీది నోట్లో మాట దాగని స్వభావం. "అంతా ఆ సాసు పిండి వల్లే దాదా!"

మాలిక్ కళ్ళు మూసుకున్నాడు. రోల్ దాదా ఆకు పక్కకి జరిపాడు. "అంటే? చీరకు పెట్టే గంజి నా సాసులో పోస్తున్నావా?"

ఇంక నా పని అయిపోయిందనుకున్నాను. చలికి వణుకుతూ, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాను. "లేదు దాదా. సాసు పిండితోపాటు ఊరికే వచ్చిన తినే పిండినే మేం చీరలకి పెట్టుకున్నాం. మీ సరుకులో మాది కలవలేదు, మీదే మా ఒంటి మీద ఉంది."

ఆయన నన్ను కింద నుంచి పైకి చూశాడు. మూతి బిగపట్టాడు. నవ్వు ఆపుకుంటున్నాడో, కోపం ఆపుకుంటున్నాడో తెలియలేదు. సీసా తీసుకుని, కాగితం మీద తన సంతకం చూసుకుని, చించి, మూత తిప్పాడు. లోపలికి చూశాడు. అందరం మెడలు సాచాం.

నీళ్ళు లేవు. చుక్క లేదు.

మాలిక్ బాణలి వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నాడు. రోల్ దాదా సీసా ఆకు మీదికి వంపాడు. ఏమీ పడలేదు. ఇంకా వంపాడు. పూర్తిగా తలకిందులు చేశాడు. సాసు లోపల హాయిగా కూర్చుని ఉంది, బయటికి రానంటోంది. అడుగున చేత్తో కొట్టాడు. రాలేదు.

"ముందు నీళ్ళొచ్చేవి. ఇప్పుడు సాసే రావడం లేదు. నేను పూజలో జనానికి ఏం పొయ్యాలి మొషాయ్?"

"కొంచెం కుదిపి..." అన్నాడు మాలిక్.

"మళ్ళీ డోలా?"

బాబాయ్ నా చెవిలో గొణిగాడు. "ఆ పిడికెడు ఎక్కువేసినానే, అదే కొంప ముంచీసింది. పాత పిండి సడలిపోతాదని ఎక్కువెయ్యడం అలవాటు. ఇది సడల్నేదు గదా."

మేం చీరలకి చేసిందే ఈయన సాసుకి చేశాడన్నమాట. ఆ మాట పైకి అనేలోపే, రోల్ దాదాకి పంతం వచ్చింది. సీసా మూతి తనవైపు తిప్పుకుని లోపలికి ఒక కన్ను పెట్టి చూశాడు. చూసి, మూతి తనవైపే ఉంచి కాస్త కిందికి దించి, అడుగున గట్టిగా చరిచాడు.

ప్లప్ మంది.

సీసాలో సాసు సగానికి సగం ఒకే ముద్దగా ఎగిరి ఆయన తెల్లటి పంజాబీ మీద, సరిగ్గా గుండెల మీద కూర్చుంది. పక్క మేడ మీద కుర్రాడెవడో అప్పుడే "భోకాట్టా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అక్కకి మాత్రం ఎక్కడలేని తల్లి ప్రేమ వచ్చింది. "అయ్యో బాబూ" అంటూ ముందుకెళ్ళి తన పైటతో తుడవబోయింది. ఆ పైట సంగతి మర్చిపోయింది. ఎర్రముద్ద పక్కన తెల్లజిగురు కూడా అంటుకుంది.

రోల్ దాదా కదల్లేదు. తలొంచి తన గుండెల వైపు చూసుకున్నాడు. ముద్ద అక్కడే ఉంది. కారలేదు. పాకలేదు. కింది బొత్తం దాకా కూడా రాలేదు. వేలితో ఇలా చిమ్మాడు. మొత్తం ఊడి ఆకులో పడింది. పంజాబీ మీద రూపాయి బిళ్ళంత ఎర్రమచ్చ తప్ప ఇంకేమీ లేదు.

"మోచేతి దాకా పోలేదు" అన్నాడు నెమ్మదిగా. తనలో తనే అనుకుంటున్నట్టు. మళ్ళీ మా చీరలు చూశాడు, పంజాబీ చూసుకున్నాడు, మా చీరలు చూశాడు. ఇక ఆగలేకపోయాడు. ఆ నవ్వుకి బెంచీ ఊగింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకున్న చేతికి అక్క జిగురుంది, కనురెప్ప అంటుకుపోయింది. దానికి ఇంకా నవ్వాడు.

"మొషాయ్, పిండి తగ్గించు. సీసాలోంచి దిగాలి, చొక్కా మీద మాత్రం దిగకూడదు. అలా చేస్తే పూజకి రెండు బాణలుల సరుకూ నాదే." లేవబోతూ నావైపు వేలు చూపించాడు. "ప్రతి వంటలోంచి ఒక సీసా అర మీద పెట్టండి. ఈ బౌదీ వంపి చూడాలి. వంపితే నీళ్ళు రాకూడదు, చరిచితే గుండె మీదికి రాకూడదు."

అలా నాకు ఉద్యోగం మిగలడమే కాదు, అందులో ఒక కొత్త పని కూడా వచ్చింది. బాబాయ్ ఒక్కో పిడికెడు తగ్గిస్తూ వండేవాడు, నేను వంపి చూసేదాన్ని. మోకాళ్ళు మొరాయించి మానేసేదాకా ఆ అర కింద నా స్టూలు ఉండేది. ఎంతమంది వచ్చి వెళ్ళినా వంపడానికి నేనే ఉండాలి. గొంతు పాడైతే పాడైంది గానీ, నా పిల్లలిద్దరూ బడి మానలేదు.

ఆ రోజు చీరలు ఎన్నిసార్లు జాడించామో గుర్తులేదు, కుళాయి దగ్గర అక్క ప్రతిసారీ ఒకే మాట అంటూ వచ్చింది. "సల్లగంజి పట్టదని ఎవులే అన్నది?"

"నువ్వే అక్కా."

"నానెప్పుడన్నాను?"

మరుసటి ఏడు విశ్వకర్మ పూజకి మాలిక్ మమ్మల్ని ముగ్గురినీ పిలిచి, మామూలు మొక్కజొన్న పిండి పొట్లాలు పంచాడు. ఒక్కో పొట్లం మీద ఒక్కో అగ్గిపెట్టె పెట్టి మరీ ఇచ్చాడు.